సులువు ఎవరికి?

(మహిళా ఉత్పత్తిదారుల సంఘాలతో పనిచేసే కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వ్యాపారానికి అందరూ సులువుగా వాడగలిగే వెబ్‌సైటును ఎలా తయారు చేసుకోవాలో మాట్లాడమని నన్ను అడిగారు. హక్కుల గురించి చర్చించుకునే చోట ఇదేం విషయం అని మీలో కొందరికి అనిపించవచ్చు. రంగులు, బొమ్మలు, బటన్లు కంప్యూటర్ వాళ్లు చూసుకుంటారు, మనకెందుకు అనుకోవచ్చు. కానీ తయారుచేసిన సరుకు బజారుకు ఎవరి ద్వారా చేరుతోంది, ఆ దారి మీద అధికారం ఎవరిది అన్న ప్రశ్న స్త్రీల ఉద్యమానికి కొత్తది కాదు.

నరసాపురం లేసు సంగతి మీకు తెలుసు. జర్మన్ స్త్రీవాద పరిశోధకురాలు మరియా మీస్ పశ్చిమ గోదావరి జిల్లాలోని ఆ లేసు కార్మికుల మీద రాసిన పుస్తకం 1982లో వచ్చింది. రోజుకు గంటల తరబడి లేసు అల్లే స్త్రీలను కార్మికులుగా ఎవరూ లెక్కపెట్టలేదని ఆమె అందులో చూపించారు. ‘ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లు, తీరిక వేళల్లో ఏదో అల్లుకుంటున్నారు’ అన్న మాట చాటునే వాళ్ల కూలి అంత తక్కువగా ఉండిపోయింది. సరుకును పోగుచేసి దేశాలు దాటించే పని, దాని వల్ల వచ్చే లాభం మగవాళ్ల చేతుల్లోకి పోయాయి. అల్లినామెకు కొన్నవాళ్లెవరో తెలియదు. కొన్నవాళ్లకు అల్లినామె పేరు తెలియదు. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సరుకుకు గుర్తింపు రావడం మంచిదే. అయితే అల్లే మనిషికి బజారులో చోటు దానంతటదే రాదు.

ఇప్పుడు ఊరూరా సంఘాలకు ఒక సలహా వినబడుతోంది: ‘వెబ్‌సైటు పెట్టుకోండి, దళారీ ఉండడు, ప్రపంచమే మీ బజారు’. ఇందులో నిజం ఉంది. అయితే ఎవరో అరువు తెచ్చిన నమూనాలో నాలుగు ఫోటోలు అతికించి ఇచ్చిన వెబ్‌సైటు ఇంకో దళారీని తయారుచేస్తుంది. కొనేవాళ్లలో సగం మందిని గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. అందుకే ‘సులువైన వెబ్‌సైటు’ అన్న మాట విన్నప్పుడల్లా ఎవరికి సులువు అని అడగాలి. నేను ఈ రోజు చెప్పదలుచుకున్నదంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే ఉంటుంది.

వాడేవాళ్లెవరు?

వెబ్‌సైటు తయారుచేసే కుర్రవాళ్ల మనసులో ఒక కొనుగోలుదారు ఉంటాడు. అతనికి ఇంగ్లీషు వచ్చు. పెద్ద కంప్యూటరు ఉంది, వేగంగా వచ్చే నెట్ ఉంది, సొంత బ్యాంకు ఖాతా ఉంది, ఎవరినీ అడగకుండా ఖర్చుపెట్టే స్వేచ్ఛ ఉంది. అంటే దాదాపుగా అతను వాళ్లలాంటి వాడే.

వాస్తవం చూడండి. 2019-21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 15-49 ఏళ్ల వాళ్లను ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా అని అడిగింది. దేశం మొత్తం మీద వాడామన్న పురుషులు 57.1 శాతం, స్త్రీలు 33.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో పురుషులు 48.8, స్త్రీలు 21.0. తెలంగాణలో పురుషులు 57.9, స్త్రీలు 26.5. ఆ తర్వాత ఫోన్లు చాలా పెరిగాయి కనుక ఈ అంకెలు కూడా మారి ఉంటాయి. కానీ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఇంటర్నెట్‌కు కొత్తగా వస్తున్న వాళ్లలో స్త్రీలు ఎక్కువ. చాలామంది చేతిలో ఉన్నది చవక ఫోను. అది కూడా ఒక్కోసారి భర్తదో, కొడుకుదో.

ఉదాహరణకు ఒక లేసు సంఘం తన సరుకు అమ్ముకోవడానికి వెబ్‌సైటు పెట్టుకుంటోంది అనుకుందాం. దాన్ని తెరిచేవాళ్లు ఎవరెవరు? జిల్లా కేంద్రంలో చిన్న బట్టల కొట్టు నడుపుకునే ఆవిడ, పరాయి దేశంలో ఉంటూ అమ్మమ్మ ఇంట్లో చూసిన బల్లగుడ్డ కోసం వెతికే అమ్మాయి, చూపు లేకపోయినా హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న స్త్రీ, అద్దాలు లేకపోతే అక్షరం కనబడని పెద్దావిడ. వీళ్లతో పాటు ఇంకొకరు కూడా ఉన్నారు, వాళ్లను అందరూ మరిచిపోతారు. వచ్చిన ఆర్డర్లు చూసుకుని, సరుకు కట్టి, డబ్బు జమ అయిందో లేదో సరిచూసుకునే సంఘం సభ్యులు. వాళ్లు కూడా వాడేవాళ్లే.

తెరవగానే ఏం కనబడాలి?

కొట్లోకి వచ్చిన మనిషి నాలుగు విషయాలు అడుగుతుంది. ఏం అమ్ముతున్నారు? ఎంత? నాకు ఎలా చేరుతుంది? బాగా లేకపోతే ఎవరిని అడగాలి? ఈ నాలుగింటికీ మొదటి పేజీలోనే జవాబు దొరకాలి. సంఘం చరిత్ర, అధ్యక్షుల సందేశం, ప్రారంభోత్సవం ఫోటోలు తర్వాతి పేజీల్లో ఉండవచ్చు. ఫోను నెంబరు పైనే కనబడాలి, దాని పక్కన ఏ వేళల్లో పలుకుతారో రాయాలి. మన వాళ్లు చాలామంది డబ్బు కట్టే ముందు ఒక మనిషి గొంతు వినాలనుకుంటారు. ఆ కోరికను వెనకబాటుతనంగా చూడనవసరం లేదు.

పేజీని ముందు చిన్న ఫోను తెరకు సరిపోయేలా తయారు చేయించండి, కంప్యూటరు సంగతి తర్వాత. ఫోటోలను కెమెరాలో తీసినవి తీసినట్టే పెడితే ఒక్కొక్కటి అయిదారు మెగాబైట్లు ఉంటుంది. సిగ్నలు సరిగా లేని ఊళ్లో అది తెరుచుకునే లోపు కొనేవాళ్లు వెళ్లిపోతారు. వాళ్ల డేటా డబ్బులు కూడా మనమే ఖర్చుపెట్టించినట్టు. వెబ్‌సైటులో పెట్టే ఫోటోను రెండు వందల కిలోబైట్లలోపుకు తగ్గించినా తెర మీద చక్కగానే కనబడుతుంది.

తెలుగు గురించి గట్టిగా చెప్పాలి. యూనికోడ్‌లో తెలుగుకు 1991లో వచ్చిన మొదటి రూపంలోనే చోటు దొరికింది. అయినా ఇప్పటికీ కొందరు తెలుగు అక్షరాలను బొమ్మగా మార్చి పెడుతుంటారు. బొమ్మలోని అక్షరం వెతికితే దొరకదు, పెద్దది చేస్తే మసకబారుతుంది, చదివి వినిపించే సాఫ్ట్‌వేరుకు అది అక్షరమే కాదు. కాబట్టి తెలుగును అక్షరాలుగానే టైపు చేయించండి. ఇంకొకటి. ఇంగ్లీషుకు కొలిచిన వరసల మధ్య ఎడం తెలుగుకు చాలదు. మనకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. ఎడం ఇరుకైతే పై వరస వత్తు కింది వరస గుడిని తగులుతుంది, బటన్లలో వత్తులు తెగిపోతాయి. ‘ఈ రెండు వరసల మధ్య జాగా పెంచండి’ అని అడగడానికి కంప్యూటర్ చదువు అక్కర్లేదు, తెలుగు చదవడం వస్తే చాలు.

చూపు లేని కొనుగోలుదారు

చూపు లేనివాళ్లు ఫోను వాడతారా అని కొందరు ఆశ్చర్యపోతారు. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ అనే సౌకర్యం తెర మీద ఉన్నది చదివి వినిపిస్తుంది. కంప్యూటరుకు ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది. దాన్ని 2006లో మొదలుపెట్టిన ఆస్ట్రేలియా వాసి మైకేల్ కరన్, ఆయనకు తోడయిన జేమ్స్ టే ఇద్దరూ చూపు లేనివాళ్లే. ఇవి మన వెబ్‌సైటును చదవాలంటే మనం చేయవలసింది పెద్దగా ఏమీ లేదు. ప్రతి ఫోటో వెనక దాన్ని వర్ణించే ఒక వాక్యం రాయాలి. ‘ఫోటో 14’ అని ఉంటే ఆమెకు ఏం తెలుస్తుంది? ‘తెల్ల నూలు బల్లగుడ్డ, గుండ్రంగా 36 అంగుళాలు, అంచు చుట్టూ పూల అల్లిక’ అని ఉంటే ఆమె కొనాలో వద్దో నిర్ణయించుకోగలదు. ఈ వాక్యం రాయడానికి ఆ గుడ్డను అల్లినామె కంటే తగినవాళ్లు ఎవరున్నారు?

వెబ్‌సైట్లు అందరికీ అందుబాటులో ఉండడానికి అంతర్జాతీయ ప్రమాణాలు 1999లోనే మొదలయ్యాయి. 2023లో వచ్చిన 2.2 రూపం ప్రకారం మామూలు అక్షరానికీ వెనక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కు 1 నిష్పత్తిలో ఉండాలి. లేత పసుపు మీద తెల్ల అక్షరాలు అందంగా ఉన్నాయని పెడితే పెద్దావిడ కళ్లకు ఆనవు. బటన్లు ఒకదానికొకటి ఆనుకుని చిన్నవిగా ఉంటే, వేళ్లు వణికే మనిషి ‘కొనండి’ అన్నదాన్ని నొక్కబోయి ‘రద్దు’ నొక్కుతుంది.

ఇది దయ చూపే విషయం కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 46వ సెక్షను ప్రభుత్వ సంస్థలతో పాటు ప్రైవేటుగా సేవలందించే వాళ్లు కూడా అందుబాటు నియమాలను పాటించాలంటుంది. అమెరికాలో గిలర్మో రోబ్లెస్ అనే చూపు లేని వ్యక్తి తనకు పిజ్జా ఆర్డరు చేసుకునే వీలు లేదని డామినోస్ కంపెనీ మీద 2016లో దావా వేశాడు. చట్టం వెబ్‌సైటుకు కూడా వర్తిస్తుందని అప్పీలు కోర్టు 2019లో చెప్పింది.

మన దేశంలో ఇంకా ముఖ్యమైన తీర్పు 2025 ఏప్రిల్ 30న వచ్చింది. యాసిడ్ దాడికి గురైన ప్రజ్ఞా ప్రసూన్, చూపు లేని న్యాయవాది అమర్ జైన్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఖాతాదారును గుర్తించే డిజిటల్ పద్ధతిలో కెమెరా ముందు కళ్లు ఆర్పి చూపించమంటారు. యాసిడ్‌తో ముఖం, కళ్లు దెబ్బతిన్న స్త్రీ ఎలా ఆర్పగలదు? ఒక మగవాడి హింస ఆమె ముఖాన్ని కాలిస్తే, ఆ యంత్రం నువ్వు బతికున్న మనిషివని రుజువు చెయ్యి అంటోంది. డిజిటల్ సేవలను అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని కోర్టు ప్రకటించి, ఇరవై ఆదేశాలిచ్చింది. ఆ తెరను తయారుచేసిన వాళ్లకు చెడు ఉద్దేశం ఉండకపోవచ్చు. కళ్లు ఆర్పలేని మనిషి ఒకామె ఉంటుందని వాళ్లకు తోచలేదు, అంతే. ఎవరికి సులువు అని అడగకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ వద్దు.

ఫారం అడిగే ప్రశ్నలు

ఆర్డరు ఫారాన్ని ఒకసారి స్త్రీగా చదవండి. శ్రీమతా, కుమారా? భర్త పేరు లేక తండ్రి పేరు? పుట్టిన తేదీ? ఒక బల్లగుడ్డ అమ్మడానికి ఇవన్నీ ఎందుకు? భర్తను వదిలి వచ్చిన స్త్రీకి, భర్త చనిపోయిన స్త్రీకి, పెళ్లి చేసుకోని స్త్రీకి ప్రతి కార్యాలయంలో ఎదురయ్యే ఆ గీతను మన సొంత కొట్లో కూడా గీయాలా? పేరు, చిరునామా, ఫోను నెంబరు చాలు. పేరుకు ఒకటే గడి పెట్టండి. ఇంటి పేరు, అసలు పేరు అని విడగొట్టి రెండూ నింపితే గానీ కదలనివ్వని ఫారాలు ఒంటి పేరున్న వాళ్లను తిప్పి పంపుతాయి. చిరునామాలో ‘దగ్గరి గుర్తు’ రాసుకునే చోటు ఉండాలి, ఎందుకంటే చాలా ఊళ్లలో ఇంటి నెంబరు కంటే రామాలయం, నీళ్ల ట్యాంకే దారి చూపిస్తాయి.

ఖాతా తెరిస్తే గానీ కొననివ్వం అనకండి. ఓటీపీ తప్పదనుకుంటే దానికి తగినంత వ్యవధి ఇవ్వండి. ఆ ఫోను పక్క గదిలో భర్త జేబులో ఉండవచ్చు. ఒంటరిగా ఉండే స్త్రీ చిరునామా, ఫోను నెంబరు మన దగ్గర ఉన్నాయంటే ఆమె భద్రత మన చేతిలో ఉన్నట్టు. వాటిని ఎవరు చూడవచ్చు, ఎన్నాళ్లు ఉంచుతామన్నది సంఘం నిర్ణయించుకోవాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం, వివరాలు తీసుకునేటప్పుడు ఇచ్చే నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా చదువుకునే వీలుండాలని చెప్పింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమలవుతాయి. అంటే తెలుగులో అడగడం మనం ఎవరికో చేసే ఉపకారం కాదు.

ఇదే జాగ్రత్త మన సభ్యుల విషయంలోనూ ఉండాలి. ‘మా కళాకారిణి’ అంటూ ముఖం, ఊరు, కష్టాల కథతో సహా ఫోటో పెట్టే అలవాటు పెరిగింది. ఆమెను అడిగారా? తీసేయమంటే తీస్తారా? అల్లినామె పేరు సరుకు పక్కన ఉండాలనేది మన పాత డిమాండే. కానీ పేరు చెప్పుకోవడం వేరు, పేదరికాన్ని అద్దాల బీరువాలో పెట్టి అమ్మడం వేరు. ఎంత చెప్పాలో ఆమే నిర్ణయించాలి.

మోసం చేసే సులువు

కొన్ని వెబ్‌సైట్లు చాలా సులువుగా ఉంటాయి, ఎక్కువ ఖర్చుపెట్టించడానికి. ‘ఇంకా రెండే ఉన్నాయి’ అని తొందరపెడతాయి. అడగని వస్తువును బుట్టలో వేస్తాయి. రవాణా ఖర్చును చివరి తెర దాకా దాచిపెడతాయి. వద్దు అనాలంటే ‘నా పిల్లల ఆరోగ్యం నాకు అక్కర్లేదు’ లాంటి వాక్యం మీద నొక్కిస్తాయి. అమ్మతనాన్ని, అపరాధ భావాన్ని కూడా అమ్మకానికి వాడుకునే పద్ధతి ఇది. వీటినే డార్క్ ప్యాటర్న్స్ అంటారు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ ఇలాంటి పదమూడు పద్ధతుల జాబితా ఇచ్చి వాటిని నిషేధించింది. అంతకు ముందే 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నియమాలు అమ్మేవాళ్ల అసలు పేరు, చిరునామా, ఫిర్యాదులు చూసే అధికారి వివరాలు కనబడాలని చెప్పాయి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. కొనేవాళ్ల అంగీకారాన్ని ముందే టిక్కు పెట్టి ఉంచకూడదు.

మన సంఘాలు కూడా వీటికి అతీతం కాదు. వెబ్‌సైటు చేసే వాళ్లు ‘అందరూ ఇలాగే చేస్తారు, అమ్మకాలు పెరుగుతాయి’ అంటారు. వినకండి. ధర, రవాణా ఖర్చు, ఎన్ని రోజుల్లో చేరుతుంది, వెనక్కి తీసుకుంటామా లేదా అన్నవి డబ్బు అడిగే ముందే చెప్పండి. చేత్తో చేసే పనికి పదిహేను రోజులు పడితే పదిహేను రోజులనే రాయండి. మూడు రోజులని రాస్తే ఆ పన్నెండు రోజుల భారం రాత్రిళ్లు కూర్చుని అల్లే స్త్రీల కళ్ల మీద పడుతుంది.

తాళంచెవి ఎవరి దగ్గర?

ఇక అన్నిటికంటే ముఖ్యమైన విషయానికి వస్తాను. వెబ్‌సైటు పేరు ఒక రిజిస్ట్రేషను. ఏటా, లేదా కొన్నేళ్లకొకసారి డబ్బు కట్టి దాన్ని కొనసాగించుకోవాలి. ఆ పేరు ఎవరి పేరు మీద ఉంది? చాలాసార్లు తయారుచేసిన వ్యక్తి తన పేరు మీదే తీసుకుంటాడు. మాట తేడా వచ్చిన రోజు, లేదా అతను ఊరు మారిన రోజు కొట్టుకు తాళం పడుతుంది. కొన్నేళ్లుగా సంపాదించుకున్న మంచిపేరు కూడా దాంతోపాటు పోతుంది. ఇది పాత లేసు దళారీకి కొత్త రూపం.

కాబట్టి పని ఇచ్చే ముందే కాగితం మీద రాయించుకోండి. వెబ్‌సైటు పేరు సంఘం పేరు మీదే ఉండాలి, గుర్తు చేసే ఉత్తరాలు సంఘం ఈమెయిలుకే రావాలి. ఆన్‌లైన్‌లో కట్టిన డబ్బు సంఘం బ్యాంకు ఖాతాలోనే పడాలి. డబ్బు వసూలు చేసిపెట్టే కంపెనీ ఎంత శాతం తీసుకుంటుందో, ఎన్ని రోజులకు జమ చేస్తుందో సభ్యుల సమావేశంలో చదివి వినిపించాలి. పాస్‌వర్డులు కనీసం ఇద్దరు సభ్యులకు తెలిసి ఉండాలి. ఫోటోలు, సరుకుల జాబితా, పాత ఆర్డర్ల నకలు సంఘం దగ్గర ఉండాలి. ధర మార్చడం, సరుకు అయిపోయిందని పెట్టడం లాంటివి సభ్యులే చేసుకునేలా వెనక వైపు తెర కూడా తెలుగులో ఉండాలని ఒప్పందంలోనే అడగండి. మామూలుగా అందరూ ముందు తెరకే మెరుగులు దిద్దుతారు. వెనక తెర ఇంగ్లీషులో గజిబిజిగా ఉంటుంది. అప్పుడు ధర మార్చడానికి కూడా సంఘం ఎవరినో బతిమాలుకోవాలి. ఈ పనులు నేర్చుకోవడానికి సభ్యులు వెచ్చించే సమయానికి కూలి లెక్కగట్టండి. ‘ఎలాగూ ఇంట్లోనే ఉంటారు కదా’ అన్న మాటను మన సంఘాల్లోనే మళ్లీ అననివ్వకూడదు.

ఇంకొక మాట. ప్రతి సంఘానికీ వెబ్‌సైటు అవసరం లేదు. చుట్టుపక్కల నాలుగు ఊళ్లలోనే సరుకంతా అమ్ముడుపోతుంటే ఒక ఫోను నెంబరు, వాట్సాప్‌లో పంపే ధరల జాబితా చాలు. ప్రాజెక్టు నిధులున్నాయి కదా అని పెట్టిన వెబ్‌సైటు, నిధులు అయిపోయాక మూతపడితే సంఘానికే చెడ్డపేరు.

అయిదుగురిని కూర్చోబెట్టండి

పని అయిందో లేదో తెలుసుకోవడం ఎలా? దీనికి ఒక చవకైన పద్ధతి ఉంది. జేకబ్ నీల్సన్ అనే నిపుణుడు అయిదుగురితో వాడించి చూస్తే ఒక వెబ్‌సైటులోని చిక్కుల్లో ఎక్కువ భాగం బయటపడతాయని 2000లో రాశాడు. మనం ఆ అయిదుగురిని జాగ్రత్తగా ఎంచుకోవాలి. నెట్ కొత్తగా వాడుతున్న ఒకామె, తెలుగు మాత్రమే చదవగలిగిన ఒకామె, అరవై దాటిన ఒకామె, టాక్‌బ్యాక్ వాడే ఒకామె, సంఘంలో ఆర్డర్లు చూడబోయే సభ్యురాలు. మొదటి నలుగురికీ ఒకే పని ఇవ్వండి: ఒక బల్లగుడ్డ ఎంచుకుని ఆర్డరు చేయండి, తర్వాత దాన్ని రద్దు చేయండి. అయిదో ఆమె ఆ ఆర్డర్లను వెనక తెర మీద చూసుకోవాలి. మీరు పక్కన కూర్చోండి, కానీ నోరు విప్పకండి. ఎక్కడ ఆగిందో, ఎక్కడ వెనక్కి వెళ్లిందో, ఏ మాట రెండుసార్లు చదివిందో రాసుకోండి.

ఆమె తడబడితే ‘నాకు చదువు రాదమ్మా, నాదే తప్పు’ అంటుంది. మన స్త్రీలకు అలా అనడం చిన్నప్పటి నుంచి నేర్పారు. ‘మీ తప్పు కాదు, మా పేజీ తప్పు’ అని చెప్పి, ఆ చోటే సరిచేయించండి. సరిచేశాక మళ్లీ చూపించండి. ఈ పరీక్షలో నిలిచాకే తయారుచేసిన వాళ్లకు చివరి వాయిదా డబ్బు ఇస్తామని ఒప్పందంలో ఒక వాక్యం రాసుకుంటే, మన మాట ఇంకాస్త శ్రద్ధగా వింటారు.

మీరు ఇక్కడి నుంచి వెళ్లాక మీ సంఘానికి వెబ్‌సైటు ఉంటే రెండు విషయాలు కనుక్కోండి. దాని పేరు ఎవరి పేరు మీద ఉంది? అందులో మీ సభ్యురాలు ఎవరి సాయమూ లేకుండా ఒక ధర మార్చగలదా? జవాబులు వచ్చే సమావేశానికి పట్టుకురండి. అక్కడి నుంచి మొదలుపెడదాం.